నిప్పు తగలని బలపం

ఆ గురువారం పొద్దున శేషాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. నానబెట్టిన వేరుశెనగలు గుప్పెడు, మొలకెత్తిన పెసలు గిన్నెడు తిని, ఒక నిమ్మకాయ పిండుకుని తాగి, ఎనిమిదింటికి పలకల దుకాణం తెరవాలి. గిరాకీ లేని వేళ చూసుకుని ఆదివారం సభలో చెప్పాల్సిన ఉపన్యాసం బట్టీ పట్టాలి. ఇంతకు మించి ఆయన ఆ రోజును ఏమీ అడగలేదు.

మార్కాపురం కర్నూలు జిల్లాను వదిలి అప్పటికి మూడేళ్లు. కొత్త జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టి ఏడాది. జిల్లా కొత్తదయ్యేసరికి ప్రతిదానికీ ఒక జిల్లా సంఘం పుట్టుకొచ్చింది. అందులో ప్రకృత్యాహార సంఘం ఒకటి. పొయ్యి ఎక్కనిది, పశువు నుంచి రానిది మాత్రమే తినాలన్నది దాని నియమం. అన్నం, పప్పు సరే, పాలు, మజ్జిగ, నెయ్యి, చివరికి తేనె కూడా కూడదు. జిల్లా మొత్తానికి నలభై మంది సభ్యులుంటే ముప్పై తొమ్మిది మంది సభలో ఒక రకంగా, ఇంట్లో ఇంకో రకంగా తినేవాళ్లు. పదకొండు నెలల ఇరవై రోజులుగా నిజంగానే పచ్చివి నములుతున్నది శేషాద్రి ఒక్కడే. అందుకని ఆదివారం సభలో ఆయన్నే మొదటి అధ్యక్షుణ్ణి చేయాలని కార్యదర్శి ప్రభాకరరావు నిర్ణయించాడు. ప్రభాకరరావు రిటైరైన హెడ్మాస్టరు, ఏది నిర్ణయించినా గంట కొట్టినట్టే చెప్పేవాడు.

చిక్కల్లా పళ్లతో వచ్చింది. పాలూ మజ్జిగా మానేస్తే పళ్లు రాలిపోవా శెట్టిగారూ అని ఊళ్లోవాళ్లు అడిగి అడిగి ప్రాణం తీస్తుంటే, శివరాత్రినాడు ఆయన ఉక్రోషం పట్టలేక ఒక మాట అనేశాడు. ఒంగోలు నుంచి పళ్ల డాక్టర్ని పిలిపించి నిండు సభలో నోరు తెరుస్తానన్నాడు. ఆ ముచ్చటా ఈ ఆదివారం సభలోనే. ఉగాది దాటిందో లేదో, చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమనడం మొదలైంది. మూడుపూటలా నిమ్మరసం, పచ్చి గోంగూర, పంటికి అంటుకుంటే ఒక పట్టాన వదలని ఖర్జూరాలు. పళ్లు మాత్రం ఏం చేస్తాయి?

పంటికి సున్నం కావాలని ఆయనకు తెలుసు. పాలలో ఉంది గాని పాలు కూడదు. తాంబూలంలో ఉంది గాని సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. కాల్చారంటే వండినట్టే లెక్క. దుకాణంలో కూర్చుని ఈ సంగతే మథనపడుతుంటే చేతిలో బలపం కనిపించింది. బలపాన్ని భూమిలోంచి తవ్వుతారు, రంపంతో కోస్తారు, ఎండలో ఆరబెడతారు. నిప్పు తగలదు, పశువు తగలదు. పైగా తెల్లగా ఉంటుంది. అటూ ఇటూ చూసి కొరికాడు.

మొదటి వారం మందులాగా రోజుకొకటి తిన్నాడు. నాలుగో వారానికి మందు కాస్తా రుచి అయి కూర్చుంది. పెసలు తినగానే బలపం కోసం నోరు ఊరేది. దాన్నే పొడి చేసి పళ్లు కూడా తోమేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెరట్లో రోలు పక్కన గోడకున్న గూట్లో గోనె ముక్క వెనక దాచుకుని, తెల్లారగానే రెండు కొరికి మిగిలిన ముక్కలు మళ్లీ అక్కడే పెట్టేవాడు. ఆ గూటి కిందే రోజూ ఎండెక్కేదాకా కూర్చుని కోడలు శ్రీశైలమ్మ చదువుకుంటుందన్న విషయం ఆయనకు తట్టలేదు.

శ్రీశైలమ్మది గిద్దలూరు. పదోతరగతి ఫస్టుక్లాసులో పాసై, ఈ ఇంటికి కోడలుగా వచ్చి రెండేళ్లయింది. టీచర్ ట్రైనింగు దరఖాస్తు తెచ్చి దగ్గర కూర్చుని నింపించింది మామగారే. సీటు వచ్చింది. సోమవారం పదింటికల్లా ఒంగోలులో చేరాలి, లేకపోతే సీటు తరువాతి పేరుకు పోతుంది. అత్తగారు కామేశ్వరి ఒప్పుకోవడానికి ఇరవై రోజులు పట్టింది. అదీ ఒక షరతు మీద. ఈలోగా కడుపు పండితే ఇంక చదువు మాట ఎత్తకూడదు. కొడుకు ఉమామహేశ్వర్లు లారీలో పలకలు వేసుకుని మద్రాసు పోయి ఉన్నాడు, వారం దాకా రాడు. శ్రీశైలమ్మ మాత్రం పెట్టె సర్దేసి, రోజుకు రెండుసార్లు విప్పి మళ్లీ సర్దుకుంటోంది.

ఇక్కడ బలపం గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఊళ్లో బలపాలకు గిరాకీ రెండు రకాలు. ఒకటి బడి పిల్లలు, రెండు కడుపుతో ఉన్న ఆడవాళ్లు. బడికి పోయే పిల్లలు లేని ఇంటినుంచి ఎవరైనా వచ్చి బలపాలు అడిగితే శేషాద్రి దుకాణంలో ఎందుకని అడగరు. అడిగినదానికి రెండు ఎక్కువ వేసి, కాగితంలో చుట్టి, మొహం చూడకుండా ఇస్తారు. ఆయన తాతనాటి నుంచి వస్తున్న మర్యాద అది. ఊళ్లో సగంమంది పుట్టబోతున్నారన్న సంగతి వాళ్ల తండ్రులకంటే ముందు ఆ దుకాణానికి తెలిసింది.

శేషాద్రి అటు దుకాణానికి వెళ్లగానే ఇటు కామేశ్వరి గూడు దులుపుదామని గోనె ముక్క లాగింది. ఏడు బలపాలు, కొసలు కొరికినవి, జలజలా ఆమె కాళ్లమీద పడ్డాయి. కింద చాపమీద కోడలి పుస్తకం తెరిచి ఉంది. కామేశ్వరికి కళ్లనీళ్లు వచ్చాయి. ఉమామహేశ్వర్లు కడుపులో ఉన్నప్పుడు ఆమె కూడా ఇదే దుకాణం బలపాలు కొంగున ముడేసుకుని తిన్నది. అయినా ఇట్లాంటివి పెద్దవాళ్లు మొహాన అడగరు, పక్కనుంచి అడుగుతారు. కోడల్ని పిలిచింది.

"నోటికి ఏమన్నా కావాలనిపిస్తాందా అమ్మా?"

"ఏం వద్దత్తా. రెండు రోజుల నుంచి తిండే సయించడం లేదు."

ఒంగోలు తలుచుకుంటే శ్రీశైలమ్మకు గుండె దడగా ఉండి ముద్ద దిగడం లేదు. కామేశ్వరికి అంతకంటే రుజువు అక్కరలేకపోయింది. పక్కింటి రమణమ్మకు చెప్పింది. పదిగంటల గిద్దలూరు బస్సు కండక్టరుతో వియ్యపురాలు దుర్గాంబకు కబురు పంపింది. కోడలి చేతిలోంచి బిందె లాక్కుంది. పెట్టె విప్పి చీరలు మళ్లీ బీరువాలో పెట్టేసింది. విషయం తెలిసి శ్రీశైలమ్మ నిర్ఘాంతపోయి, అదేం లేదత్తా అని చెప్పింది. మొదటి నెలల్లో ఆడపిల్లలు అట్లాగే అంటారని రమణమ్మ సర్దిచెప్పింది. శ్రీశైలమ్మ ఏడ్చింది. ఊరికే ఏడుపు రావడం కూడా ఆ లక్షణమేనని ఇద్దరూ సంతోషించారు. నిజంగా ఉందో లేదో తేలాలంటే నెల లెక్క ప్రకారం వచ్చే గురువారం దాకా ఆగాలి. సీటు సోమవారంతో పోతుంది.

శేషాద్రి దుకాణంలో ఉపన్యాసం మూడో పేజీలో ఉండగా ఎదురు కొట్టు ఆయన వచ్చి తాత కాబోతున్నందుకు అభినందించి పోయాడు. శేషాద్రి పొంగిపోయాడు. మనవడికని అక్కడికక్కడే ఒక మంచి పలక, చెక్క ఫ్రేము నున్నగా ఉన్నది, ఏరి పక్కన పెట్టాడు. ఆ పలక చంకలో పెట్టుకునే మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. భార్య వెండి పళ్లెంలో పసుపు కుంకుమల పక్కన పేర్చి చూపించిన బలపాలు చూసి, పలక మెల్లగా కిందపెట్టాడు. ప్రతిదాని కొసమీదా ఒక వంకర గాడి ఉంది. ఎడమవైపు ఆయన పైపన్ను ఒకటి చిన్నప్పటి నుంచి అడ్డంగా ఉంటుంది.

"ఎలుకలు కొరికినాయేమో" అన్నాడు.

"ఎలుకకు ఇంత పన్నుంటే అది బలపాలతో సరిపెట్టుకోదు, మనల్నే తింటాది" అంది కామేశ్వరి.

ఆ పూట ఆయన పెసలు ముట్టలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తోచలేదు. నిజం చెబితే ఆదివారం సభ ఏమవుతుంది? పదకొండు నెలలు ఎగతాళి చేసినవాళ్లందరి ముందు రాళ్లు తినేవాడిగా నిలబడాలి. చెప్పకపోతే పిల్ల చదువు పోతుంది. దుకాణానికి పోయి మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. నాలుగోసారి పోయేసరికి తాళం ఇంట్లో మరిచిపోయాడు. ఈ కంగారులో చెయ్యి దానంతటదే జేబులోకి పోయి ఒక బలపం తీసి నోట్లో పెట్టింది. కొరికాక గాని ఆయనకు తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి దుర్గాంబ గిద్దలూరు నుంచి చలిమిడి, గాజులు, రెండు గంపల పండ్లు తీసుకుని దిగింది. ఇల్లంతా సందడిగా ఉంటే శ్రీశైలమ్మ పెరట్లో గూటి కింద ఒక్కతే కూర్చుంది. శేషాద్రి అటు వెళ్లాడు.

"మామా, మీరన్నా నమ్మండి. నేను బలపం ముట్టుకోలేదు."

"నాకు తెలుసమ్మా."

"ఎట్ల తెలుసు?"

ఆయన గూటివైపు చూశాడు, రోలువైపు చూశాడు, నీ మొహం చూస్తే తెలియదా అని ఏదో గొణిగాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, మీ మాటైతే వాళ్లు వింటారు, ఒక్కసారి చెప్పండి అని బతిమాలింది. ఆ దరఖాస్తు నింపిన రోజు ఆమె వెనకాడితే, ధైర్యం ఉండాలమ్మా అని ఆయనే చెప్పాడు. అది గుర్తొచ్చి శేషాద్రికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

శనివారం పొద్దున్నే ఇద్దరు వియ్యపురాళ్లనూ కూర్చోబెట్టి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. బలపాలు తిన్నది తాను. ఎందుకు తిన్నదీ, ఎట్ల మొదలైందీ, సున్నపుబట్టీతో సహా చెప్పాడు. ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుర్గాంబ పైట కొంగు కళ్లకద్దుకుంది.

"కన్న తండ్రి కూడా ఇంత చెయ్యడన్నా. కోడలి చదువు కోసం ఇంత నింద నెత్తిన వేసుకుంటారా?"

అది నింద కాదు నిజమని రుజువు చేయడానికి జేబులోంచి బలపం తీశాడు. నోటిదాకా పోనివ్వకుండా కామేశ్వరి లాగేసుకుంది. రేపు డాక్టరుకు పళ్లు చూపించాల్సిన మనిషి ఈ సాహసాలు చేయొద్దంది. ఉప్పులో కూడా అశుద్ధం వెతికే మనిషి రాయి తిన్నానంటే ఎవరు నమ్ముతారని నవ్వింది. మధ్యాహ్నానికి రమణమ్మ ద్వారా ఊరంతా తెలిసింది, శేషాద్రి ఎంత గొప్ప మామగారో. దారిలో కనిపించిన ముసలాయన ఒకడు చెయ్యెత్తి నమస్కారం చేశాడు.

నమ్మినవాడు ఒక్కడే, ప్రభాకరరావు. ఆయన పరుగున వచ్చి, తలుపు దగ్గరికి వేసి, ఎన్ని తింటున్నారు రోజుకు అని అడిగాడు. శేషాద్రి చెప్పాడు. ప్రభాకరరావు ఆదివారం సాయంత్రం దాకా ఈ ముక్క ఇంకెక్కడా అనొద్దని, ఆ తరువాత కావాలంటే కొండను తిన్నానని చెప్పుకోవచ్చని అన్నాడు. సంఘం పరువు, కొత్త జిల్లా పరువు అని ఇంకా చాలా చెప్పాడు. సోమవారం పోయేది ఒక సీటే కదా, వచ్చే ఏడు మళ్లీ రాదా అని కూడా అన్నాడు.

ఆదివారం అమ్మవారి గుడి హాలు నిండిపోయింది. డాక్టరు జీవానందం ఒంగోలు నుంచి ఆలస్యంగా వచ్చాడు. తిరుగు బస్సు అందుకోవాలన్న తొందరలో ఉన్నాడు. శేషాద్రిని కుర్చీలో కూర్చోబెట్టి, టార్చి వేసి, ముందరి పళ్లు మాత్రం చూశాడు.

"శెట్టిగారూ, యాభై రెండేళ్ల మనిషికి ఇంత మెరిసే పళ్లు నేను చూడలేదు" అన్నాడు డాక్టరు.

హాలంతా చప్పట్లు. ప్రభాకరరావు మైకు అందుకుని ఇది పచ్చి ఆహారం మహిమ అని చెప్పి, పూలదండ తెచ్చి శేషాద్రి మెడలో వేశాడు. గండం గడిచింది. అధ్యక్షుడు చేయాల్సిందల్లా ఇప్పుడు నోరు మూసుకుని కూర్చోవడమే. ఆయన కూర్చున్నాడు కూడా. కాని ఆడవాళ్లవైపు శ్రీశైలమ్మ కనిపించింది. తలనిండా మల్లెపూలు, చేతినిండా కొత్త గాజులు. ఒక పక్క తల్లి, ఒక పక్క అత్త. ఆ పిల్ల వేదికను చూడటం లేదు. గోడమీద గడియారం చూస్తోంది.

శేషాద్రి లేచి మైకు దగ్గరికి వచ్చాడు. ఉపన్యాసం అనుకుని అందరూ సర్దుకున్నారు.

"మా ఇంట్లో గూట్లో దొరికిన బలపాలు నేను కొరికినవి. నా కోడలు తినలేదు. ఆ పిల్ల రేపు ఒంగోలు పోవాల" అన్నాడు.

జనం ఇందాకటికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఎవరో ఇట్లాంటి మామ ఉండాలన్నారు. శేషాద్రికి ఏడుపొకటే తక్కువ. జేబులోంచి ఒక బలపం తీసి మైకు ముందే కొరికాడు. కరకరమన్న శబ్దం హాలంతా వినిపించింది. నీళ్లు తాగలేదు, మొహం చిట్లించలేదు, జంతిక తిన్నంత తేలికగా నమిలి మింగి రెండోది తీశాడు. రెండోదానికి చప్పట్లు పలచబడ్డాయి. మూడోది నములుతుంటే ఆగిపోయాయి. అంత అలవాటుగా రాయి నమలడం ఒక్కరోజు త్యాగంతో వచ్చే విద్య కాదని అందరికీ అర్థమైంది.

అమ్మవారి ముందు పెడదామని కామేశ్వరి ఆ ఏడు బలపాలు పసుపు గుడ్డలో మూటగట్టి తెచ్చుకుంది. డాక్టరు వాటిని అడిగి తీసుకుని, ఒకటి శేషాద్రి నోట్లో పెట్టి ఎడమవైపు కొరికించి చూశాడు. అడ్డంగా ఉన్న పన్ను గాడిలో సరిగ్గా కూర్చుంది. ఏడూ అట్లాగే కూర్చున్నాయి. ఈసారి డాక్టరు బస్సు సంగతి మరిచి దవడపళ్ల దాకా టార్చి వేశాడు. ఆ మెరుపు ఆరోగ్యం కాదన్నాడు. పులుపుకు మెత్తబడిన పళ్లను రాతిపొడితో తోమితోమి పై పొర అరగదీశారన్నాడు. ఒక దవడపన్ను కదులుతోందన్నాడు. శేషాద్రి చిన్న గొంతుతో, మరి సున్నం కోసం కదండీ అన్నాడు.

"ఈ రాయిలో సున్నం రవ్వంత కూడా లేదు. ఇది వేరే జాతి రాయి" అన్నాడు డాక్టరు.

కామేశ్వరి ఆడవాళ్ల మధ్యనుంచి లేచి నిలబడింది. సభలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

"పదకొండు నెలలు నా చేతి వంట వద్దని, రాయి తిన్నారా?"

ఆమె కళ్లలో నీళ్లు చూసి శేషాద్రి తల దించుకున్నాడు. ప్రభాకరరావు వచ్చి దండ మెల్లగా తీసి, ఎవరి మెడలో వేయాలో తోచనట్టు కాసేపు పట్టుకుని, చివరికి తన మెడలోనే వేసుకున్నాడు. డాక్టరు జీవానందం మాత్రం మర్యాదస్తుడు. వెళ్లేముందు శేషాద్రిని పక్కకు పిలిచి చెప్పాడు. పచ్చివి తింటే తినండి, వద్దనను. పులుపు తాగిన వెంటనే పళ్లు తోమొద్దు, నీళ్లతో పుక్కిలించి కాసేపు ఆగండి. ఖర్జూరం పళ్లమీద నిలవనివ్వొద్దు. నువ్వులు నానబెట్టి బాగా నూరి తినండి, ఆకుకూర తినండి. ఆరు నెలలకొకసారి నోరు చూపించుకోండి. బలపంతో పలకమీద రాయండి.

ఆ సాయంత్రం కామేశ్వరి బీరువా తెరిచి చీరలు తీసి తానే పెట్టె సర్దింది. దుర్గాంబ కూతురికని తెచ్చిన చలిమిడి హాస్టలు పిల్లలకని డబ్బాలో పెట్టింది. మాట తప్పే మనిషి కాదు కామేశ్వరి. షరతు ప్రకారం అడ్డం ఏమీ లేదు కాబట్టి పంపాల్సిందేనంది. కాకపోతే ఆ మాట భర్తవైపు చూడకుండా అంది.

సోమవారం అయిదు గంటల ఒంగోలు బస్సుకు శేషాద్రి పెట్టె మోసుకొచ్చాడు. శ్రీశైలమ్మ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి లేచి, ఎక్కబోతూ ఆగి చెయ్యి చాపింది.

"జేబులోవి ఇటివ్వండి మామా."

ఆయన దొరికిపోయినవాడిలా నిలబడి, జేబులోంచి నాలుగు బలపాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. బడిలో పనికొస్తాయని ఆమె వాటిని సంచిలో వేసుకుని, మీరు రెండో జేబు కూడా చూసుకోండి అంది. అందులో ఒకటి ఉంది. బస్సు మలుపు తిరిగేదాకా శేషాద్రి నోరు తెరిచి నవ్వుతూనే ఉన్నాడు. చల్లగాలికి పళ్లు జివ్వుమన్నా మూయలేదు.

మంగళవారం నుంచి ఆయన ఇంట్లో రాగి సంకటి మొదలైంది, సంఘానికి కబురు చేయకుండా. దుకాణంలో ఆ వారం సభకు వచ్చిన పెద్దమనుషులు ఆరుగురు ఒకరి తరువాత ఒకరు, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చారు. డాక్టరు చెప్పిన మాటల్లో వాళ్లకు మెరుపు ఒక్కటే గుర్తుంది. పళ్లకు వాడొద్దని శేషాద్రి ప్రతివాడికీ చెప్పాడు. పళ్లకు కాదు, మనవడికి అని ప్రతివాడూ అన్నాడు. ఆ ఆరు ఇళ్లలో ఒక్క ఇంట్లోనూ బడికి పోయే పిల్లలు లేరు. శేషాద్రి ఇంకేమీ అడగలేదు. తాతనాటి మర్యాద ప్రకారం మొహం చూడకుండా తలా రెండు ఎక్కువ వేసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.